పొయ్యిలో పెట్టిన నాడె

ఎమ్మిగనూరు,
18-1-2007.

చిరంజీవి శివలీలకు అక్క రాజ్యలక్ష్మమ్మ దీవించి రాయునది.

ఇదివరకు నీ పేరు ముందు చి.ల.సౌ. అని రాసేదాన్ని. ఈసారి 'చి' దగ్గరే చేయి ఆగిపోయింది. అక్కడి నుంచి ముందుకు రావడానికి రెండు రోజులు పట్టింది. మూడేళ్ళుగా నీకు ఒక్క ముక్క రాయనిదాన్ని ఇప్పుడు కలం పట్టానంటే, ఒక సంగతి అడగాలి. అడగడానికి నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. డాక్టరును అడిగితే "ఎవరికమ్మా?" అంటాడు. నువ్వు అలా అనవని నమ్మకం.

నీ అడ్రసు మన ఇంట్లో కండెలు చుట్టే సుబ్బక్క ఇచ్చింది. నువ్వు కడపలో ఆసుపత్రి దగ్గర ఏదో పనిలో కుదిరావని చెప్పింది. సంతోషం.

నీలకంఠేశ్వరుని తేరు బాగా జరిగింది. మీ బావకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి రెండు గంటలు కూర్చుంటే లేవలేరు. ప్రదీప్ బొంబాయి దగ్గరి భివండీ నుంచి వచ్చేసి ఏడాదయింది. రెండో మగ్గం వాడే నేస్తున్నాడు. వాడికి వైశాఖంలో పెళ్ళి అనుకున్నాం. పిల్లది కోడుమూరు, పేరు ఉదయశ్రీ. ఇంటర్ చదివింది. అణకువ గల పిల్ల.

ఇక అడగవలసింది. మన వీధిలో ఒకరింట్లో ఒకరికి నీకున్న జబ్బే ఉందని తెలిసింది. వాళ్ళు నెమ్మదస్తులు. ఎవరినీ అడగలేరు. ఒకే ఇంట్లో ఉంటే ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు? నీళ్ళ చెంబు, దుప్పటి, తువ్వాలు, బట్టలు నానబెట్టే బకెట్టు? దోమ వాళ్ళను కుట్టి మనల్ని కుడితే? క్షౌరం చేసే కత్తి? వాళ్ళు కూడా నేసేవాళ్ళే. మగ్గం నాడె సంగతి కూడా రాయి.

ఆరోగ్యం జాగ్రత్త. రాఘవేంద్రస్వామి నిన్ను కాపాడుగాక.

నీ అక్క,
రాజ్యలక్ష్మమ్మ


కడప,
2-2-2007.

అక్కకు శివలీల నమస్కరించి రాయునది.

'చి' దగ్గర చేయి ఆగిందని రాశావు. నేను కూడా అక్కడే ఆగిపోయాను. ఉత్తరం కవరు మీద నీ చేతిరాత చూసి అరగంట విప్పలేదు. నాకు ఒంట్లో బాగుందా అని అడగడానికి రాశావేమో అనుకున్నాను. విప్పాక తెలిసింది, వీధిలోవాళ్ళ కోసం రాశావని.

సరే. అడిగినదానికి చెప్పడమే నా పని. పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష గది బయట ఒక బెంచీ ఉంది. ఆ బెంచీ మీద ఏడుస్తూ కూర్చున్నవాళ్ళ పక్కన నేను కూర్చుంటాను. ఒక చిన్న సంఘం వాళ్ళు నెలకింత ఇస్తారు. నాకు ప్రతి నెలా మందులు ఇస్తారు. బరువు పెరిగాను.

చెంబుతో రాదు. కంచంతో రాదు. దుప్పటి, తువ్వాలు, బకెట్టు, పాయిఖానా, వేటితోనూ రాదు. దగ్గితే రాదు, తుమ్మితే రాదు. పక్కన పడుకుని నిద్రపోతే రాదు. ముద్దుపెట్టుకున్న చంటిబిడ్డకు రాదు. దోమతో రాదు. దోమతో వచ్చేటట్టయితే ఎమ్మిగనూరులో ఈపాటికి ఎవరూ మిగలరు. క్షౌరానికి కొత్త బ్లేడు పెట్టించుకుంటే చాలు. మగా ఆడా కలయికతో వస్తుంది. రక్తం ఎక్కిస్తే, ఒకరికి పొడిచిన సూది ఇంకొకరికి పొడిస్తే వస్తుంది. తల్లి నుంచి కడుపులో బిడ్డకు, పాల ద్వారా బిడ్డకు రావచ్చు. దానికి ఇప్పుడు మందు ఉంది. ఇంతే. ఇంతకు మించి దారులు లేవు.

ఇక నాడె. దీన్ని డాక్టరమ్మను నేను మూడేళ్ళ కిందటే అడిగాను. ఆమెకు నాడె అంటే తెలియదు. బొమ్మ గీసి చూపించాను. లోపల కండె పెడతాం, పక్కన చిన్న కన్నం ఉంటుంది, దానికి పెదవులు ఆనించి ఒక్క గుక్క పీలిస్తే దారం కొస బయటికి వస్తుంది, ఇంట్లో ఎవరు మగ్గం మీద కూర్చుంటే వాళ్ళు అదే నాడెను పీలుస్తారు అని చెప్పాను. పెదవి పగిలి ఉంటే? చిగుళ్ళలో రక్తం కారుతుంటే? ఆమె ఓపికగా విని, "రాదమ్మా, ఎంగిలితో రాదు, దారం మీద ఆరిపోయిన చుక్కతో రాదు" అంది. ఇది ఎందుకు అడుగుతున్నావు, ఎవరైనా ఏమైనా అన్నారా అంది. ఎవరూ ఏమీ అనలేదని చెప్పాను. నిజమే కదా. నువ్వు ఏమీ అనలేదు.

అప్పుడు నీ కూతురు హిమబిందు మొదటి కాన్పుకు వచ్చి ఉంది. నేను మొగుడు చంద్రమోహన్‌ను కాటిలో తగలబెట్టి నీ ఇంటికి వచ్చి నలభై రోజులు. దారం పీలుస్తుంటే నువ్వు గడపలో నిలబడి చూశావు. "శివా, శానా అలిసిపోతాండావు, ఇంక మగ్గం మీద కూచోవద్దులేమ్మా" అన్నావు. నీ గొంతు ఎప్పుడూ పెరగదు. మరుసటి రోజు నీళ్ళ పొయ్యిలో కట్టెల మధ్య నాడె మండుతోంది. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. నువ్వే నాకు అన్నం పెట్టి పెంచావు. ఆ నాడెతో నాకు నేత నేర్పింది కూడా నువ్వే. నాడె మండిన పూటే నా గ్లాసు, నా కంచం పెరట్లో తులసికోట పక్కకు మారాయి.

వీధిలోవాళ్ళకు చెప్పు, నాడె కాల్చనక్కర లేదని.

శివలీల


ఎమ్మిగనూరు,
14-2-2007.

చిరంజీవి శివలీలకు దీవెనలు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు రాసిందంతా నిజమే. ఆ రోజు హిమబిందు కడుపులో బిడ్డ తప్ప నాకు ఇంకేమీ కనిపించలేదు. చదువుకున్నదాన్ని, పది పాసయినదాన్ని, ఒక్కరినైనా అడిగి ఉండవలసింది. తప్పు చేశాను. గురువారం ఉపవాసం ఉన్నప్పుడు స్వామి ముందు నీ పేరు చెప్పి క్షమించమని అడుగుతున్నాను.

వాళ్ళింట్లో సంగతి ఇంకొంచెం ఉంది. ఆ జబ్బు ఉన్నది పెళ్ళి కావలసిన పిల్లవాడికి. మాట ఖాయమైంది. ఆడపిల్లకు తప్పకుండా వస్తుందా? కొందరికి ఏళ్ళతరబడి కలిసి ఉన్నా రాలేదని పేపర్లో చదివినట్టు గుర్తు. పిల్లవాడు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉన్నాడు, బాగా తింటాడు, పని చేస్తాడు. బలంగా ఉన్నంతకాలం అంటదేమో? నీకు ఎన్నాళ్ళకు వచ్చింది? ఇలా అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు కదా అని.

నీ అక్క


కడప,
24-2-2007.

అక్కకు,

మన వీధిలో ఈ వైశాఖంలో పెళ్ళి ఎవరింట్లో?

ప్రదీప్ నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు. కొడుకు వరసైనా తమ్ముడిలా పెరిగాడు. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు నాడె పీల్చడం నేర్పింది నేను. మొదటిసారి దారం గొంతులోకి పోయి దగ్గి దగ్గి, "చిన్నమ్మా, నీ మగ్గం నన్ను మింగుతాండాది" అన్నాడు. వాడిని గురించి "వాళ్ళింట్లో పిల్లవాడు" అని రాయడానికి నీకు చేయి ఎలా వచ్చింది?

నాకు ఎన్నాళ్ళకు వచ్చిందో నాకు తెలియదు. లెక్క తెలియాలంటే నాకు మొదటి రోజు చెప్పి ఉండాలి. చంద్రమోహన్ పోయిన పదకొండో రోజు మా అత్త నా పక్కన కూర్చుని, "వానికి బొంబాయిలో ఏందో రక్తంలో దోషం అన్న్యారు. పెండ్లయితే పోతాదిలే అనుకుంటి" అంది. ఆమె కూడా నీ మాదిరే మెల్లగా మాట్లాడేది. ఆ సంబంధం తెచ్చింది నువ్వు. నీకు తెలియదని నాకు తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ ఆ మాట నీతో అనలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు. ఒక్కసారికి రాకపోవచ్చు, ఒక్కసారికే రావచ్చు. ఎవరూ చెప్పలేరు. తింటున్నాడు, పని చేస్తున్నాడు అన్నది లెక్కలోకి రాదు. నన్ను పెళ్ళి చేసుకునే రోజుకు చంద్రమోహన్ రెండు బస్తాల నూలు ఒక్కసారి మోసేవాడు. తొడుగు వాడుతూ, మందులు తింటూ కాపురం చేసేవాళ్ళున్నారు. ఇద్దరికీ ఉండి పెళ్ళి చేసుకున్నవాళ్ళూ మా సంఘంలో ఉన్నారు. అన్నింటికీ ముందు ఒకటి జరగాలి. ఆ పిల్లకు తెలియాలి.

వాడికి చెప్పు, చిన్నమ్మ రమ్మందని. మందులున్నాయని చెప్పు. చచ్చిపోనక్కర లేదని చెప్పు.

శివలీల


ఎమ్మిగనూరు,
12-3-2007.

శివా,

నీ దగ్గర దాచి ప్రయోజనం లేదు. దీపావళి తరువాత ప్రదీప్‌కు నడుము చుట్టూ సర్పి పొక్కులు లేచాయి. మంత్రం వేయించాం, ఎర్ర జాజు పూశాం. తగ్గలేదు. ఆదోనిలో డాక్టరు చూసి, ఈ వయసులో ఇంత ఎక్కువగా రాకూడదే అని రక్తపరీక్షకు కర్నూలు పంపాడు. జనవరి మొదట్లో కాగితం వచ్చింది. ఆ కాగితం మీ బావ చించి నీళ్ళ పొయ్యిలో వేశారు. మా ఇంట్లో అన్నీ ఆ పొయ్యిలోకే పోతాయి.

నేను చెప్పి చూడలేదనుకోవద్దు. మీ బావతో, ఆ పిల్లకు చెప్పేస్తే మేలేమో అన్నాను. "నోరు మూసుకొని కూచో. పత్రిక అచ్చుకు ఇచ్చిండాను. పెండ్లయితే అన్నీ కుదురుకుంటాయి" అన్నారు. ప్రదీప్‌తో అన్నాను. వాడు మగ్గం ఆపలేదు, తల ఎత్తలేదు. "ఆ పిల్లకు చెప్తే నేను భివండీ బండెక్కుతా మా. మళ్ళా నా మొగం చూడవు" అన్నాడు. నీ దగ్గరికి పంపిస్తానంటే, "చిన్నమ్మను మనం యాడ పెట్టినామో నాకు గుర్తుండాది. నన్ను యాడ పెడ్తావు, తులసికోట పక్కనా?" అన్నాడు. వాడిని నేను ఎక్కడా పెట్టలేదు శివా. నా కంచంలోనే తింటున్నాడు.

ఒక మాట రాయాలి. రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

మన ఇండ్లలో ఆచారం నీకు తెలుసు. పెళ్ళికూతురు పీటల మీద కట్టుకునే మధుపర్కం మగపెళ్ళివాళ్ళ మగ్గం మీదనే నేయాలి. నేతకు మొదటి దారం పెళ్ళికొడుకు తల్లి లాగాలి. మాఘమాసంలో మంచి రోజు చూసి పడుగు వేశాం. ప్రదీప్ నాడెలో కండె పెట్టి, దారం వస్తుందో లేదో పీల్చి చూసి, మళ్ళీ లోపలికి తోసి నా చేతికిచ్చాడు. నేను కళ్ళకద్దుకుని, స్వామిని తలుచుకుని, కన్నానికి పెదవులు ఆనించి పీల్చాను. నాడె తడిగా ఉంది. వాడి నోటి తడి. దారం లాగి, పసుపు పెట్టి, నాలుగు పోగులు నేసి లేచాను. మధ్యాహ్నం అన్నం తింటుంటే అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఒళ్ళు జలదరించలేదు. పుక్కిలించి ఉమ్మలేదు. పసుపునీళ్ళు చల్లలేదు. అప్పటికి నీ ఉత్తరం వచ్చి వారం కూడా కాలేదు. ఆ ఉత్తరం చదివి ధైర్యం వచ్చింది కాబట్టి అనుకోవాలని చూశాను. కాదు. నీ ఉత్తరం రాకముందు కూడా వాడి ఎంగిలికి నేను భయపడలేదు.

అంటే ఆ రోజు నేను భయపడింది జబ్బుకు కాదు. నీకు మొగుడు లేడు. నువ్వు మా ఇంటిపేరు కాదు. నిన్ను పంపించడానికి వీలుంది. అంతే.

ఆ పిల్ల కోసం మొక్కుకున్నాను. ఆమెకు ఏమీ కాకపోతే మంత్రాలయంలో నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తాను. ఇంతకంటే నా చేతిలో ఏముంది?

నీ అక్క


కడప,
ఉగాది మరునాడు.

అక్కకు,

నా నుంచి ఎవరికీ ఏమీ రాదు, నాకు వేరే గ్లాసు పెట్టావు. వాడి నుంచి ఒక పిల్లకు వస్తుంది, వాడికి పూలపాన్పు వేస్తున్నావు. నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసినా ఈ రెండు మాటలు మారవు.

నువ్వు రాసిన మూడు ఉత్తరాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వైశాఖం వచ్చేలోపల ఆ పిల్లకు నువ్వు చెప్పకపోతే నేను కోడుమూరు బస్సు ఎక్కుతాను. ఆ ఉత్తరాలు వాళ్ళ నాయనకు ఇవ్వను, ఆ పిల్ల చేతిలో పెడతాను. బావ నన్ను చంపితే చంపనీ. నన్ను చంపడానికి ఆయన ఆలస్యంగా వస్తున్నాడు.

ఎలా చెప్పాలో తెలియదని మాత్రం రాయొద్దు. నీకు వచ్చు. మగ్గం మీద కూర్చోవద్దని నాకు ఎంత మెల్లగా చెప్పావో, అంత మెల్లగా చెప్పు.

శివలీల


ఎమ్మిగనూరు,
22-5-2007.

చిరంజీవి శివలీలకు,

పెళ్ళి జరగలేదు. సుబ్బక్క నీకు చెప్పే ఉంటుంది. ఆమెకు తెలిసింది వేరు. జరిగింది ఇది.

నీ ఉత్తరం వచ్చిన మూడో గురువారం మంత్రాలయంలో వియ్యపురాలు రామలక్ష్మమ్మ, ఉదయశ్రీ మమ్మల్ని కలుస్తామన్నారు. పెళ్ళికి ముందు స్వామికి పత్రిక పెట్టాలని. మీ బావ మోకాళ్ళతో రాలేకపోయారు. దర్శనం అయ్యాక రామలక్ష్మమ్మ పరిమళ ప్రసాదం కోసం వరుసలో నిలబడింది. నేను పిల్లను వెంటబెట్టుకుని తుంగభద్రకు దిగాను. నీళ్ళు తక్కువ, బండలు తేలి ఉన్నాయి. ఒక బండ మీద కూర్చుని చెప్పాను. మెల్లగానే చెప్పాను. నా గొంతు నాకే అసహ్యమేసింది.

ఆ పిల్ల ఏడవలేదు. చాలాసేపు కాళ్ళు నీళ్ళలో ఆడించింది. తరువాత, "తాంబూలాలప్పుడు నీ కొడుకు, ఆయప్ప కొరికిన లడ్డు నా నోట్లో పెట్టిరి గదత్తా. దాంట్లో నాకు వచ్చింటుందా?" అని అడిగింది.

"రాదమ్మా. ఎంగిలితో రాదు."

"నిజంగానా? నన్ను ఊరడించేకి చెప్తాండావా?"

"నిజంగా. చెంబుతో రాదు, దుప్పటితో రాదు, దోమతో రాదు. కాపురంతో వస్తుంది" అని, నువ్వు రాసినవన్నీ వరసగా అప్పజెప్పాను. నీ అక్షరాలు నాకు అంతగా నోటికి వచ్చాయని అప్పటిదాకా నాకు తెలియదు.

"నీకు ఎన్ని దినాల నుంచి తెలుసు?" అంది.

"జనవరి నుంచి."

"రవిక కొలత తీసుకునేకి వచ్చినప్పుడూ తెలుసు."

"తెలుసు."

"నా భుజాలు సన్నగుండాయని నవ్వితివే. అప్పుడు గూడా తెలుసు."

నేను తల ఊపాను. ఆ పిల్ల లేచి లంగావోణీ దులుపుకుంది. "మా నాయనకు చెప్తే బజార్లో నిలబడి అరుస్తాడు. ఆయప్ప బతకాల గదా. నేనే వద్దంటాలే, నల్లగుండాడని" అంది. మెట్లు ఎక్కుతూ వెనక్కి తిరిగి, "చెప్పినావు. అది మటుకు మర్చిపోనులే" అంది. అందులో కృతజ్ఞత ఉందో, ఇంకేముందో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

చెప్పినట్టే చేసింది. వాళ్ళ నాయన చెప్పుతో కొట్టాడట. మూడు రోజులు అన్నం పెట్టలేదట. అయినా ఆ ఒక్క మాట మీదే నిలబడిందట. తాంబూలం సామాన్లు తిరిగి వచ్చాయి. అప్పటి నుంచి మా వీధి వీధంతా ఆ పిల్లనే ఆడిపోసుకుంటున్నారు. "ఇంటర్ సదివితే కండ్లు నెత్తికెక్కినాయి" అని ఒకరు, "ఎవడో ఉండింటాడులే" అని ఇంకొకరు. మీ బావ అయితే రోజూ పొద్దున కాఫీతోపాటు ఆ పిల్లను తిట్టాలి. నేను అన్నీ వింటూ కూర్చుంటున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "పాపం ఆ పిల్లదేముందిలే" అన్నాను. "నీ మెతకదనమే మనల్ని ఈ గతికి తెచ్చె" అన్నారు మీ బావ.

ప్రదీప్‌కు కూడా ఇంతే తెలుసు. "నల్లగుండానని వద్దన్నదంట. మంచిదయిందిలే మా, సున్నం పూసుకుంటా" అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను. మగ్గం మీద సగం నేసిన మధుపర్కం వాడే కోసేశాడు. మూడో రోజు తనే వచ్చి, "చిన్నమ్మ అడ్రసు ఇయ్యి" అన్నాడు. అందుకని పంపుతున్నాను. నీ బెంచీ మీద కూర్చోబెట్టుకో. మందులు ఇప్పించు. నీ చేతి అన్నం తింటాడు, నువ్వు వాడి కంచంలో తిను.

నీకు కొత్త నాడె ఒకటి పంపాలనుకున్నాను. వడ్రంగి దగ్గర చేయించాను కూడా. కాల్చినదానికి బదులు తీర్చినట్టు ఉంటుందని ఆగిపోయాను. ఇక్కడే దేవుని గూట్లో ఉంది. నిన్ను రమ్మని అడగడానికి నాకు నోరు లేదు.

ఈ కవరు నీకు తెచ్చిచ్చేది ప్రదీపే. అన్నం మెతుకులతో గట్టిగా అంటించాను. నేనే ఆ పిల్లకు చెప్పానని వాడికి తెలియదు. తెలిస్తే భివండీ పోతాడు, మందులు తినడు. కాబట్టి వాడు బతకడానికి ఆ పిల్ల దోషిగా ఉండాలి. నేను మళ్ళీ ఒక ఆడపిల్లను తులసికోట పక్కన పెట్టాను శివా.

నా ఉత్తరాలు చించొద్దు, కాల్చొద్దు. ఆ పిల్లదేమీ తప్పు లేదని రాసి ఉన్నది వీటిలో తప్ప ఇంకెక్కడా లేదు. అన్నీ ఒకచోట కట్టి దాచిపెట్టు. వాడు అడిగినా చూపించొద్దు.

నీ అక్క,
రాజ్యలక్ష్మమ్మ